వాకోవర్

"సుహాసిని!" అంపైర్ మూడోసారి పిలిచాడు.

మహబూబ్‌నగర్ స్టేడియంలో అందరూ గేటు వైపు చూశారు. కావేరి మాత్రం వంగి బూట్ల లేసులు బిగించుకుంది. అవి అప్పటికే బిగుతుగా ఉన్నాయి.

డిగ్రీ కాలేజీల షటిల్ ఫైనల్ అది. పోయిన నెలలోనే జరగాల్సింది, పరీక్షలొచ్చి వాయిదా పడింది. గెలిచినవాళ్లకు యూనివర్సిటీ జట్టులో చోటు. ఉన్నది ఒక్క చోటే. సుహాసిని వేరే కాలేజీ పిల్ల. ఆమెతో ఎన్నిసార్లు ఆడిందో అన్నిసార్లూ ఓడింది కావేరి. అదీ మామూలుగా కాదు, చిత్తుగా. ఇటు రాకెట్ లేపేలోపే అటునుంచి వచ్చిన షటిల్ నేల మీద పడి ఉండేది.

"నీ తాన ఆ పిల్ల నంబరున్నదా? ఒకసారి కొట్టి చూడు" అన్నాడు కోచ్ విజేందర్ సార్.

కావేరి కాస్త పక్కకు పోయి ఫోన్ చెవికి పెట్టుకుంది. "స్విచాఫ్ వస్తాంది సార్" అంది. నంబరు నొక్కనే లేదు.

అవతలి కాలేజీ సారు తలకాయ అడ్డంగా ఊపాడు. "ఆమె రాదు సార్. ఇంట్ల పంపుతలేరంట. బంగారమసొంటి ప్లేయర్. ఏం జేస్తం?"

అంపైర్ కాగితం మీద ఏదో రాసుకుని, "వాకోవర్, కావేరి" అని చదివాడు. కొట్టాలా వద్దా అన్నట్టు నలుగురు చప్పట్లు కొట్టారు.

కావేరికి ఒక్క క్షణం ఒళ్లంతా తేలికైంది. యూనివర్సిటీ జట్టు! వెంటనే, అలా సంతోషపడ్డందుకు చచ్చేంత సిగ్గేసింది.

"మొఖం గట్ల పెట్టినవేంది?" అన్నాడు విజేందర్ సార్. "ఎదుటోళ్లు రాకుంటే మనకొచ్చే గెలుపే వాకోవర్. ఎట్లొచ్చినా గెలుపు గెలుపే. గిండ్ల నీ తప్పేమున్నది?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమె దగ్గర ఉంది. ఒక్క మాట అనాల్సిన చోట నోరు మూసుకుని కూర్చుంది, అదే తప్పు. కానీ అది సార్‌తో చెప్పుకునేది కాదు. తలొంచుకుని, చేతికిచ్చిన గెలుపు కప్పును సంచిలో పెట్టుకుంది.

బస్సులో పక్క సీటావిడ సంచిలోకి తొంగిచూసి, "దేంట్ల ఫస్టొచ్చినవ్ బిడ్డా?" అని మురిపెంగా అడిగింది. కావేరి చున్నీ తీసి సంచి మీద కప్పింది. ఇంతలో జడ్చర్ల నుంచి తండ్రి యాదయ్య ఫోన్.

"గెలిచినవా బిడ్డా? ఎన్ని పాయింట్లకు?"

"పాయింట్లు లేవు బాపు. వాకోవర్."

"గదేంది?"

"అదీ... గెలుపే బాపు."

ఇంగ్లిషు మాట కదా, మామూలు గెలుపు కంటే ఒక మెట్టు పైదే అయి ఉంటుందనుకున్నాడు యాదయ్య.

ఆమె బస్సు దిగేసరికి దస్తగిరి టీకొట్టు దగ్గర ఊరేగింపు ఒక్కటే తక్కువ. "మా బిడ్డకు వాకోవర్ వచ్చింది" అని వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ చెబుతున్నాడు యాదయ్య. "ఉత్త గెలుపు ఎవలకైనా వస్తది. వాకోవర్ ఊకనే ఇస్తరా?"

"ఊకనే ఎందుకిస్తరు యాదయ్యా, మస్తు కష్టపడాలె" అన్నాడు దస్తగిరి, చక్కెర ఇంకో చెంచా వేసి గ్లాసు కావేరి చేతికిస్తూ.

వాకోవర్ అంటే అర్థమేంటో చెప్పేద్దామని కావేరి నోరు తెరిచింది. చెబితే, మరి ఎదుటి పిల్ల ఎందుకు రాలేదని బాపు అడుగుతాడు. గ్లాసు పక్కన పెట్టి ఇంటి దారి పట్టింది. యాదయ్య ఆ మాటనే దారి పొడుగునా పంచుకుంటూ వెనకే నడిచాడు.

ఇంటి ముందు, అన్న పెళ్లికి కట్టి ఎండిపోయిన మామిడాకుల తోరణం కింద తల్లి శ్యామలమ్మ నిలబడి ఉంది. పక్కన పొరుగింటి నాగులమ్మ.

"ఆడపిల్లకు ఆటలేందని అందరు నవ్విన్రు నాగులక్కా. నిక్కరేసుకుంటదని చెవులు కొరుక్కున్నరు. నేనేనాడన్న అడ్డం జెప్పిన్నా? ఆడపిల్లయితేంది, దాని పానానికి ఇష్టమైంది ఆడనియ్యాలె."

"నీ అసొంటి తల్లి అందరికుండాలె శ్యామలా" అంది నాగులమ్మ.

కావేరికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అమ్మ కళ్లలోకి చూడలేక బూట్లు విడవడంలో ఆలస్యం చేసింది. శ్యామలమ్మ కప్పు లాక్కుని కొంగుతో తుడిచింది. అదే కొంగుతో కళ్లూ తుడుచుకుంది. కూతురు లోపలికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టి గడప బయటే ఆపి, ఇంట్లోకి తిరిగి గట్టిగా కేకేసింది.

"ఓ కోడలా... సుహాసినీ! నీ ఆడిబిడ్డ గెలిచొచ్చింది, హారతి పళ్లెం పట్కరా!"