కరకర

"దాన్ని చంపకు! బాబ్బాబు, నేనొచ్చేదాకా చంపకు!" అని ఫోన్లో మొత్తుకున్నాడు పార్థసారథి.

సుధాకరరావు చంపేదెక్కడ, సోఫా ఎక్కి కూర్చున్నాడు. హాల్లో టీపాయ్‌గా వాడుకునే చెక్కమొద్దు మీద అరచేయంత పురుగు. ఒళ్ళంతా పెంకు, పొడుగాటి మీసాలు. దగ్గరికెళ్తే బుస్సుమంటోంది.

స్నేహితుడు పార్థసారథి యూనివర్సిటీలో పురుగుల మీద పరిశోధన చేస్తాడు. ట్యాక్సీలో ఆంగ్ మో కియోలోని సుధాకరరావు ఫ్లాటుకి వచ్చి పడ్డాడు.

"ఈ మొద్దెక్కడిది?"

"పాత అద్దెవాళ్ళు వదిలేసి వెళ్ళారు. ఫిజీ నుంచి తెచ్చుకున్నార్ట."

"అదీ సంగతి! ఇది ఆ దీవుల్లో తప్ప ఎక్కడా పుట్టదు. పిల్లపురుగుగా ఉన్నప్పుడు ఏళ్ళతరబడి చెక్కలోనే ఉండి, కరకర నములుతూ పెరుగుతుంది. ఇన్నాళ్ళూ నీకు చప్పుడు వినపడలేదా?"

సుధాకరరావు మొద్దు వంక చూశాడు. "భానుమతి చెప్పింది" అన్నాడు.

చెప్పింది, నెత్తీనోరూ కొట్టుకుని చెప్పింది. ఈయనగారు వింటేగా! వై టూ కే రోజులాయె, కంప్యూటర్లలో బగ్గులు వెతికే పని, పొద్దున పోతే మళ్ళీ రాత్రికి గానీ కొంప చేరడు. "రోజంతా ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నానండీ, కొన్నాళ్ళు భీమవరంలో అక్క దగ్గర ఉండొస్తాను" అని భార్య భానుమతి అడిగితే, "రెండువేల సంవత్సరం రానీ, ఇద్దరం వెళ్దాం. నువ్వెళ్తే నా తిండి సంగతేంటి?" అన్నాడు మహానుభావుడు. ఆ తర్వాతే మొదలైంది, ఇంట్లో ఎక్కడో కరకరమని చప్పుడు అంటూ.

ఒకసారి గోడకి చెవి పెట్టి విన్నాడు. ఏమీ లేదు. హాకర్ సెంటర్లో భోంచేస్తూ స్నేహితుల ముందు, "నేను ఆఫీసులో బగ్గులు పడుతుంటే, మా ఆవిడ ఇంట్లో పడుతోందిరోయ్!" అని అందరినీ నవ్వించాడు. ఆమె తలొంచుకుని తింది. చివరికి డాక్టరు, "ఒంటరితనమండీ, సొంతవాళ్ళ మధ్య ఉంటే తగ్గుతుంది" అంటే, తప్పదన్నట్టు విమానం ఎక్కించాడు.

వెళ్ళి నెలలైంది. ఎప్పుడు ఫోన్ చేసినా, "ఆ చప్పుడింకా చెవుల్లోనే ఉందండీ" అంటుంది.

పార్థసారథి పురుగుని డబ్బాలో పెట్టుకుని, మురిసిపోతూ వెళ్ళాడు. సుధాకరరావు వెంటనే భీమవరానికి ఫోన్ కలిపాడు. జరిగిందంతా ఏడుస్తూ చెప్పాడు.

"నువ్వు చెప్పింది నిజమే భానూ. నిన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాను. నలుగురిలో నవ్వులపాలు చేశాను. ఎంత ఏడ్చుంటావో! నన్ను చెప్పుతో కొట్టినా తప్పులేదు. వచ్చెయ్, ఇక నువ్వేం చెప్పినా నమ్ముతాను."



"ఏడవకండి" అంది భానుమతి.  "ఆ మొద్దులో నిజంగానే పురుగుందా?"

"నిజంగానే! నీ చెవులు అబద్ధం చెప్పలేదు."

"నాకెప్పుడూ ఏ చప్పుడూ వినపడలేదండీ."