ఇరవై మూరల వంతెన

వానలు ముంచుకొచ్చేలోపు ఎండిన వాగు మీద వంతెన కట్టాలనుకున్నాయి జంతువులు. కోతి వాగు వెడల్పు కొలిచి ఇరవై మూరలంది. ముళ్ళపంది వెదుళ్ళు కొరికి తెచ్చింది. గిజిగాడు తాళ్ళు పేనింది.

"బిగించే ముందు అన్నీ ఇసుకలో పేర్చి చూద్దాం," అంది తాబేలు.

"నా పనితనం మీదే అనుమానమా మామా?" అని గిజిగాడు ఉడుక్కుంది.

పేర్చి చూస్తే వెదుళ్ళు సగం దూరానికే వచ్చాయి.

"ఇరవై మూరలే కొరికాను!" అంటూ ముళ్ళపంది తన బుల్లి చెయ్యి చాపింది. ఇక గిజిగాడు రెక్కతో కొలిచిన తాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందరూ పడీపడీ నవ్వి, కోతి మూరనే అందరి మూర చేసుకున్నారు.

నాలుగో రోజుకు వంతెన లేచింది. గిజిగాడు దానిమీద గంతులేసి, "భేషుగ్గా ఉంది, ఇక అందరూ నడవొచ్చు!" అంది.

"విరిగితే నువ్వేం చేస్తావు?" అనడిగింది తాబేలు.

"ఎగిరిపోతా!"

"అందుకే నీ మాట చెల్లదు. వాగులో నీళ్ళు రాకముందే దున్న బావను పిలువు."

దున్న కాలు మోపగానే తాళ్ళు కిర్రుమన్నాయి. అది అవతలి గట్టు చేరేదాకా గిజిగాడు వంతెన మీదే, రెక్కలు ముడుచుకుని కూర్చుంది.