చెదలు పట్టని కాగితం

లాకరు తాళంచెవి కృపావతితో పాటే మట్టిలోకి పోయింది. ఆమె దాన్ని నల్లదారంతో నడుముకు కట్టుకునేదన్న సంగతి, సమాధి చేసిన మూడో రోజుకు గానీ మత్తయి సారుకు గుర్తు రాలేదు.

"మా తాళంచెవి ఒక్కటే ఉంటే తెరుచుకోదు సార్, రెండూ పడాల," అన్నాడు నంద్యాల బ్యాంకు మేనేజరు పార్థసారథి. "మద్రాసు నుంచి కంపెనీ మనిషి వచ్చి పగలగొట్టాల. అంత ముఖ్యమా?"

"మా ఆమె బాప్తిస్మం కాగితం ఉండాది. సమాధి రాయికి పుట్టిన తేదీ కావాల."

"మీకు తెలీదా?"

"నాకంటే నాలుగేండ్లు చిన్నది. తేదీ తెలీదు. ఆళ్లగడ్డలో రాయి చెక్కే మద్దిలేటి ఉజ్జాయింపు వద్దంటాండాడు. 'ఇది పలక కాదు సార్, తుడిచి మళ్లా రాసేకి' అంటాడు."

మేనేజరు నవ్వాడు. "మరి నగలు?"

"బియ్యం డబ్బాలో పెట్టేది."

"భలే! అందరూ నగలు ఈడ పెడతారు, కాగితాలు ఇంట్లో ట్రంకుపెట్టెలో పెట్టుకుంటారు."

"ఇంట్లో చెదలు పడతాయనేది."

"ఇనప ట్రంకుకు చెదలేంది సార్?"

లాకరు ఇద్దరి పేరు మీదా ఉన్నా, మత్తయి ఏనాడూ ఆ గదిలోకి పోలేదు. ఆమె వచ్చేదాకా బయట బెంచీ మీద కూర్చునేవాడు.

మూడు వారాలకు కంపెనీ మనిషి వచ్చాడు. డ్రిల్లు మోత ఆగింది. లోపల ఒక్క కవరు. మత్తయి కాగితం విప్పి చదివాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. మడిచి కవర్లో పెట్టాడు.

"దొరికిందా సార్?"

"దొరికింది. ఇంకో లాకరు ఇస్తారా?"

"అందులో ఏం పెడతారు?"

"ఇదే."

ఆళ్లగడ్డలో బస్సు దిగి నేరుగా మద్దిలేటి దగ్గరికి నడిచాడు. రాతి మీద కృపావతి పేరు, 1983లో ఆమె పోయిన తేదీ చెక్కి ఉన్నాయి. మధ్యలో ఒక వరస చోటు వదిలి ఉంది.

"చెప్పు సార్, ఉలి పట్టుకోనుండా."

"తేదీ దొరకలేదప్పా."

"ఇన్ని దినాలు నిలబెట్టి ఇదా సార్ నువ్వు చెప్పేది? పోనీ, పుట్టిన ఏడాదన్నా ఏస్తాం. అమ్మ నీకంటే ఎన్నేండ్లు చిన్నది?"

మత్తయి రాతి మీద చేయి పెట్టాడు.

"నాలుగేండ్లు," అన్నాడు. "ఇప్పుడే ఏమీ చెక్కొద్దులే."

మత్తయి పుట్టింది 1931లో. కాగితంలో కృపావతి పుట్టిన ఏడు 1928 అని ఉంది. రాతి మీద ఆ వరస ఇంకా చెక్కలేదు.