ఓపల్ పాడాల్సిన చోట

పాట నడుస్తున్నంతసేపూ వెర్నా హోటల్లో ఎవరికీ కాఫీ కూడా దొరకదు.

అయితే అది ఎమ్మెట్ పాటై ఉండాలి. అతని కొత్త ఆల్బమ్ వచ్చిన రోజున వెర్నా పొయ్యి ఆపేసి, రోజూ వచ్చే డెల్మర్ ఫోన్‌ని పెద్ద స్పీకరుకి తగిలించి, వచ్చినవాళ్లందరినీ కూర్చోబెట్టి వినిపిస్తుంది. కెంటకీ కొండల్లో గిటారు పట్టినవాళ్లకి లోటు లేదుగానీ, ఎమ్మెట్ మాత్రం తమవాడని ఆ ఊరి నమ్మకం. పైగా ఆ సాయంత్రమే సంత మైదానంలో అతని కచేరీ.

ఆల్బమ్ మొదలుకాబోతుంటే ఒక కొత్త మనిషి తలుపు తోసుకుని వచ్చింది. యాభై దాటి ఉంటాయి. అంత ఎండలోనూ మెడకి స్కార్ఫ్ చుట్టుకుంది.

టీ ఉందా అని అడిగింది. మాట సరిగ్గా పైకి రాలేదు.

వెర్నాకి జాలేసింది. తన నియమం పక్కనపెట్టి, వేడినీళ్లలో తేనె కలిపి తెచ్చిచ్చింది.

"జలుబు చేసిందా తల్లీ?"

"పాత జబ్బేలెండి."

ఎక్కడికి ప్రయాణమని వెర్నా ఆరా తీసింది. సాయంత్రం కచేరీకి రమ్మన్నారని, వెళ్లాలా వద్దా తేల్చుకోలేకపోతున్నానని ఆమె చెప్పింది.

"ఎమ్మెట్ పాడుతుంటే వద్దా అనుకునేవాళ్లలో నిన్నొక్కదాన్నే చూశాను. పాటలు విను. నువ్వే పరిగెత్తుకొస్తావు."

"మీకు నచ్చితే వస్తాను" అందామె.

గనిలో పోయినవాళ్ల మీద పాట వస్తే డెల్మర్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాతి పాటలో డ్రమ్ముల మోత ఎక్కువైందని, కుర్రాడికి నాష్‌విల్ స్టూడియోల నీళ్లు వంటబట్టాయని కాసేపు సణిగాడు. ఆ కుర్రాడికి యాభై ఏళ్లు.

ఎప్పటిలాగే మాట ఓపల్ మీదికి మళ్లింది. ఇరవై ఏళ్ల కిందట మొదటి ఆల్బమ్‌లో ఎమ్మెట్‌తో గొంతు కలిపిన అమ్మాయి. ఆ తర్వాత అయిపూ అజా లేదు. పెళ్లి చేసుకుని టెక్సస్ వెళ్లిందని ఒకరు, చర్చిలో తప్ప పాడనని ఒట్టేసుకుందని ఇంకొకరు. ఆమెని మళ్లీ తీసుకురమ్మని వెర్నా ప్రతి క్రిస్మస్‌కీ ఎమ్మెట్‌కి కార్డు రాస్తూనే ఉంది.

"మా ఆయన్ని సాగనంపిన రోజు ఆ పిల్ల పాటే పెట్టాను. అది వినే ఆ రాత్రి నిద్రపోయాను" అంది వెర్నా.

కొత్త మనిషి కప్పులోకి చూస్తూ కూర్చుంది.

అంతలో చివరి పాట వచ్చింది. ఎమ్మెట్ ఒక చరణం పాడి ఆగాడు. రెండో చరణం ఒక ఆడగొంతు అందుకుంది. బొంగురుగా, మధ్యమధ్య తెగిపోతూ.

"తుప్పు పట్టిన గేటు తీసినట్టుంది" అన్నాడు డెల్మర్. అందరూ నవ్వారు.

కొత్త మనిషి వెర్నా వైపు తిరిగింది. "మీకెలా ఉంది?"

వెర్నాకి అబద్ధం చేతకాదు.

"ఓపల్ పాడాల్సిన చోట ఎవరినో తెచ్చి నిలబెట్టాడు తల్లీ. ఆవిడెవరోగానీ, ఇంట్లో పాడుకుంటే సరిపోయేది."

"నేనూ అదే అనుకున్నాను" అని ఆమె నవ్వి లేచింది.

వెర్నా డబ్బు పుచ్చుకోలేదు. దారిలో తినమని యాపిల్ కేకు ముక్క కట్టిచ్చి, సాయంత్రం తన పక్కనే కుర్చీ పట్టి ఉంచుతానని మాటిచ్చింది. కారు మైదానం వైపు కాకుండా పెద్దరోడ్డు వైపు తిరిగితే, దారి తప్పింది పాపం అనుకుంది.

సాయంత్రం తన పక్క కుర్చీ మీద స్వెటర్ పరిచి, ఎవరొచ్చి అడిగినా మనిషి వస్తోందని చెప్పింది. వేదిక మీద రెండు మైకులున్నాయి. చివరి పాట దాకా రెండోదాని దగ్గరికి ఎవరూ రాలేదు, వెర్నా పక్క కుర్చీలోకీ ఎవరూ రాలేదు.

చివరి పాటకి ముందు ఎమ్మెట్ గిటారు మీద చెయ్యి ఆనించాడు.

"ఇన్నేళ్లుగా మీరడుగుతున్న ఓపల్‌తోనే ఈ పాటలో పాడించాను. గొంతు ఆపరేషన్ అయ్యాక ఇంక పాడనని కూర్చుంది. ఎంతో బతిమాలితే ఒప్పుకుంది. ఇవాళ మీ ముందు పాడతానని బయల్దేరింది కూడా. మధ్యాహ్నం ఫోన్ చేసి, వెనక్కి వెళ్లిపోతున్నానంది."

మైదానమంతా ఉసూరుమంది.

"ఎందుకో చెప్పలేదు. దారిలో ఒక హోటలావిడ తేనె నీళ్లిచ్చి, యాపిల్ కేకు కట్టిచ్చి, డబ్బు కూడా పుచ్చుకోలేదట. ఆవిడ ఈ జనంలోనే ఎక్కడో ఉంటుందని, తన పక్కన పట్టి ఉంచిన కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేయమని చెప్పమంది."