తాబేళ్లు దాటే వేళ

జలసంధిలో తాబేళ్లు దాటుతున్నంతసేపూ ఇంజన్లన్నీ ఆగిపోవాలన్నది చట్టం. ఆ ఉదయం, నడిపే మనిషి లేని ఆసుపత్రి పడవ కూడా నడినీళ్లలో దానంతటదే ఆగిపోయింది. అందులో నూకరత్నం పురిటినొప్పులు పడుతోంది.

"ఇంకెంతసేపు?" అని ఆమె అత్త చిన్నమ్మి పడవనే అడిగింది.

"రెండు గంటలు," అని పడవ చెప్పింది.

చిన్నమ్మి మూలనున్న తెడ్డు అందుకుంది. ఇరుకైన ఆ దారిలో నీటి వడి పడవను సముద్రం వైపు లాగుతోంది. తాబేళ్ల వీపులకు తగలకుండా చూసి చూసి ఆమె తెడ్డు వేసింది.

"నానింక ఓర్చుకోనేనత్తా."

"ఇంకాసేపే అమ్మా. ఒడ్డు కనబడతంది."

నిజానికి పొగమంచులో ఆమెకు ఏ ఒడ్డూ కనబడటం లేదు.

చాలాసేపటికి పడవ ఇసుకను తాకింది. ఒడ్డునున్న ఆసుపత్రి నుంచి నర్సులు పరుగెత్తుకొచ్చి నూకరత్నాన్ని లోపలికి తీసుకెళ్లారు. బిడ్డ ఏడుపు వినబడేదాకా చిన్నమ్మి పిడికిళ్లు సడలలేదు.