చేదు చుక్కలు

విశాఖలో అందరూ సముద్రపు నీళ్లే తాగే రోజులవి. ఉప్పు తీసేటప్పుడు నీళ్లలోని మంచి లవణాలు కూడా పోయేవి. అందుకని ప్రతి వంటింట్లోనూ ఒక మాట్లాడే కుళాయి ఉండేది. వేలు ఆనిస్తే చాలు, ఆ మనిషి ఒంటికి ఎన్ని మెగ్నీషియం చుక్కలు కావాలో అన్నీ కలిపి గ్లాసు నింపేది.

సింహాద్రి సముద్రంలోకి దిగి ఆ నీళ్ల గొట్టాలకు పట్టిన గుల్లలు గీకేవాడు. ఒకరోజు అడుగున ఉండగా రెండు పిక్కలూ పట్టేశాయి. తోటి ఈతగాడు చూసి పైకి లాగాడు గనక బతికాడు.

ఇంటికొచ్చాక భార్య పైడితల్లి అతని వేలు కుళాయికి ఆనించింది.

"మెగ్నీషియం బాగా తక్కువగా ఉంది. అందుకే పిక్కలు పట్టేశాయి," అంది కుళాయి.

"రోజూ నువ్వే పోస్తన్నావు కదే! మరెక్కడికి పోతంది?"

"నేను పోశాను. ఆయన తాగారో లేదో నాకు తెలియదు."

పైడితల్లి మొగుడి వైపు తిరిగింది. అతను తల దించుకున్నాడు.

"సేదుగా ఉంటాదే పైడీ. గొంతు దిగదు. నువ్వటు తిరగ్గానే తొట్టిలో ఒంపేసీవోణ్ణి."

"సచ్చిపోతే ఏటయ్యేది మావా?" అంటూ ఆమె బావురుమంది. ఏడుస్తూనే చోళ్ల పిండి, అంటే రాగిపిండి, కలిపి పొయ్యి మీద పెట్టింది, గుమ్మడి గింజలు వేయించింది. "ఆ మెగ్నీషియం తిండిలోనూ ఉంటాదంట. ఇకమీదట నా ముందర కూకుని తిను."

అంబలి తాగుతూ సింహాద్రి నెమ్మదిగా అడిగాడు. "మరి నీకు సేదుగా నేదా?"

"ఎందుకు నేదు? ఇసంలాగుంటాది," అంది పైడితల్లి ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు కిమ్మనకండా తాగేస్తన్నావు కదా, నానేటి నోరిప్పేది అని మింగేస్తన్నాను."

సింహాద్రి లేచి ఇంకో గిన్నె తెచ్చి, తన అంబలిలో సగం ఆమెకు పోశాడు.