అసలు వేగం

"మామయ్యగారూ, ఒక్క నిమిషం," అంటూ కొత్త అల్లుడు రికార్డు ప్లేయర్ మీదకి వంగాడు. "ఈ ఎల్పీ ముప్ఫై మూడు స్పీడులో తిరగాలి. మీరు నలభై అయిదులో పెట్టారు."

"మా పెళ్లినాటి నుంచీ అలాగే వింటున్నాం. జాజ్ అంటే ఉరుకులు పరుగులే కదయ్యా!" అని మామగారు మీసం మెలేశారు.

అల్లుడు మీట జరిపాడు. అప్పటిదాకా తుమ్మెదలా రొదపెట్టిన సాక్సొఫోన్, భోజనం చేసి కూర్చున్న పెద్దమనిషిలా తీరిగ్గా మాట్లాడసాగింది.

మామగారి మొహం వాడిపోయింది. "అయితే ఇన్నేళ్లూ మేం గంతులేసింది తప్పుడు వేగానికా? మెల్లగా అనవయ్యా, మీ అత్తయ్య వింటే నా పరువు పోతుంది."

అత్తగారు అప్పటికే వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. మోకాళ్లు పట్టేసిన దగ్గర్నుంచి ఆవిడ డాన్సు మానేశారు. ఆ రికార్డు పెడితే చాలు, లేచి లోపలికి వెళ్లిపోయేవారు.

అల్లుడు నాలుక కరుచుకున్నాడు. "పాత స్పీడే పెట్టేస్తాను అత్తయ్యగారూ."

"దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను," అని ఆవిడ తడిచేతులు తుడుచుకుని భర్త ముందుకొచ్చారు. "ఇన్నాళ్లకి నా మోకాళ్లు అందుకోగలిగే పాట వచ్చింది. లేవండి!"